కడుపు కిరాయికి, ఎద్దు అమ్మకానికి

మా బావది వనపర్తి. పెబ్బేరు సంతలో ఎద్దును కొనాలంటే నాలుగూళ్లవాళ్లు ఆయన్ను వెంటబెట్టుకుని పోతారు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు, వీపు నిమిరి సుడి చూస్తాడు, పది అడుగులు నడిపించి గిట్టల చప్పుడు వింటాడు. ఆ తర్వాతే తువ్వాల కింద దళారి వేళ్లు పట్టుకుంటాడు. అంతటి మనిషి పోయిన వారం పెట్రోలు బంకులో లీటరు 107 రూపాయలు దాటడం చూసి చూసి విసిగి, నేరుగా మా ఇంటికొచ్చాడు.

"బామ్మర్దీ, పాత బండి ఇడిసిపెడత. కరెంటు కారు కొంట. పేపర్లు సదువుతవ్ గద, యే కంపెనీది మంచిదో జెప్పు."

కరెంటు కారుకు పళ్లుండవు, సుడి ఉండదు, చప్పుడు అసలే ఉండదు. బావ విద్యలన్నీ ఒక్కసారిగా ఉద్యోగం పోగొట్టుకున్నాయి. నేను సెల్లు తెరిచి ఒక్కో కంపెనీ గొడ్డునూ వరుసగా ఆయన ముందు నడిపించాను.

మొదట టాటా నెక్సాన్. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న బండి పరీక్షలో 489 కిలోమీటర్లు పోతుందని కాగితం మీద రాశారు. రోడ్డు మీద మాత్రం 350 నుంచి 370 అనుకోండని అదే కంపెనీ ఇంకో అంకె వేసింది.

"అమ్మేటోడే ఎద్దుకు రెండు వయసులు జెప్తే యెట్ల?" అన్నాడు బావ. కాసేపాగి, "తక్కువది గూడ తనే ఒప్పుకున్నడంటే జర నయమున్నోడే" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. బావ బిడ్డను గద్వాలకు ఇచ్చారు. కారు ఎవరు కొన్నా వాడేది అల్లుడే కదా. ఆయన గద్వాల నుంచి హైదరాబాద్ పోయి రావాలంటే రానూ పోనూ 380 కిలోమీటర్ల దాకా అవుతుంది. 350 దగ్గర బ్యాటరీ చేతులెత్తేస్తే, బండి సుమారుగా బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిలో ఆగుతుంది. సంజీవని కొండనే మోసుకొచ్చిన స్వామికి ఒక కారు బరువా అంటుంది మా అక్క.

తర్వాత ఎంజీ విండ్సర్. పేరు ఇంగ్లండుది, పుట్టినిల్లు చైనాది, ఇప్పుడు ఇంటిపేరులో జిందాల్ వారు చేరారు. 2024 సెప్టెంబరులో సంతలోకి వచ్చినప్పుడు దీని ధర 9 లక్షల 99 వేలు. అయితే అది బ్యాటరీ లేని ధర. బ్యాటరీ కిరాయికిస్తారు, అప్పట్లో నడిచిన ప్రతి కిలోమీటరుకూ మూడున్నర రూపాయలు.

బావ చాలాసేపు మాట్లాడలేదు. "అంటే ఎద్దు నాది, దాని కడుపు వాళ్లదా?"

"అంతే బావా."

"దండం పెట్టాలె ఆ దళారికి. పెబ్బేర్ల ఇంత తెలివిగల్లోడు ఇంక పుట్టలే."

మహీంద్రా పేరు చెప్పగానే బావ ముఖం వికసించింది, ట్రాక్టరు నడిపిన చేతులు మరి. 2024 నవంబరులో వాళ్లు బీఈ 6ఈ అని ఒక కారు చూపించారు. 6ఈ మా సొత్తని ఇండిగో విమానాలవాళ్లు ఢిల్లీ హైకోర్టుకు పోయారు. నెల తిరగకముందే కారు పేరులోంచి చివరి అక్షరం రాలిపోయింది.

"ఆ కారుకు రెక్కలున్నయా?"

"లేవు."

"మరి ఇమానమోళ్లకు ఏం నొప్పి?"

ఈ ప్రశ్నకు న్యాయశాస్త్రంలో జవాబు ఉండే ఉంటుంది.

చైనా కంపెనీ బీవైడీ సంగతి ఇంకో రకం. హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్ల కార్ఖానా పెడతామంటే 2023లో కేంద్రం వద్దంది. బీవైడీ సాంకేతికతతో మేఘా వారి ఒలెక్ట్రా చేసిన బస్సుల్లో మాత్రం మనం హాయిగా తిరుగుతున్నాం. సంబంధం వద్దుగానీ సారె కావాలన్నమాట.

ఇక టెస్లా. భారతదేశంలో సర్కారుతో చిక్కులున్నాయని 2022 జనవరిలో మస్క్ ట్విట్టర్లో వాపోతే, మా తెలంగాణకు రావయ్యా అని అప్పటి మంత్రి కేటీఆర్ అక్కడే కబురు పెట్టారు. వాళ్లు 2025 జులైలో వచ్చారు, ముంబైకి. అప్పుడు షోరూములో కారు ధర అరవై లక్షల దాకా ఉండింది. అది తనంతట తానే నడుస్తుందని చెప్పుకుంటారన్నాను.

"నేను బండ్ల పండుకుంటే మా ఎద్దులు గూడ సంతకెళ్లి సక్కగ ఇంటికొస్తుండె. దానికి అరవై లచ్చలా?"

పెట్రోలూ కరెంటూ రెండూ కలిసిన హైబ్రిడ్ బండ్లు కూడా ఉన్నాయని చెప్పబోతే, లోపల్నించి మా అక్క అందుకుంది. ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటికీ అతుకు. గద్వాల చీరకు మించిన హైబ్రిడ్ ఏముందని అడిగింది. దానికి బ్యాటరీ కిరాయి కూడా లేదు.

ఇన్ని చూసినా 2024లో దేశంలో అమ్ముడైన కార్లలో కరెంటువి నూటికి మూడు కూడా లేవు. అదే ఏడాది నార్వేలో కొత్త కార్లు పదింటిలో దాదాపు తొమ్మిది కరెంటువే. సముద్రం అడుగున చమురు తోడి లోకానికి అమ్ముకునే దేశం అది. కల్లు దుకాణం వాడు మందు ముట్టడంటే ఇదేనేమో.

బావ వీటిలో దేనికీ చలించలేదు. ఎద్దును కొనేవాడు చివర్లో అడిగే ప్రశ్న అడిగాడు. "సరే, ఇది ఏం మేస్తది? ఆ మేత యాడికెళ్లొస్తది?"

కంపెనీల పోలిక పట్టికల్లో సన్‌రూఫ్ ఉంది, డిక్కీలో ఎన్ని సంచులు పడతాయో ఉంది. మేత గడి మాత్రం కనపడలేదు. నాకు తెలిసింది నేనే చెప్పాను.

రాష్ట్రం కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే, అది గోదావరి వైపు వాళ్ల గోస. మన వైపు నీళ్లది. జూరాల 234 మెగావాట్లు, దిగువ జూరాల 240, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం 900. ఆ కేంద్రంలోనే 2020 ఆగస్టులో ఒక రాత్రి మంటలు రేగి తొమ్మిది మంది చనిపోయారు. ఆ శ్రీశైలం నీళ్ల కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లకు ఊళ్లు ఉన్నాయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని జీవో 98 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని తండ్రులు తిరిగారు, ఇప్పుడు కొడుకులు తిరుగుతున్నారు.

నీళ్లు చాలకపోతే అణువిద్యుత్తు ఉందిగా అంటారు. దానికి యురేనియం కావాలి. 2019లో అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లు వెతకడానికి సిద్ధమయ్యారు. నాగర్‌కర్నూలు జిల్లా అంతా లేచి కూర్చున్నాక, సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా పులుల నిద్ర చెడుతుందని బండ్లనే ఆపేసే అడవి అది!

"అయితే ఈ కరెంటు లొల్లి మనకెందుకు, పెట్రోలే నయం" అన్నాడు బావ.

పెట్రోలు కూడా ఒట్టి పెట్రోలు కాదు బావా. లీటరులో ఐదో వంతు ఇథనాల్. 2030కి అనుకున్న ఆ లెక్కను 2025కే ముట్టామని ఢిల్లీ సంబరపడింది. బియ్యం, మక్కలు, చెరకు పులియబెట్టి తీసే సరుకు అది. దాని కార్ఖానాకు దొరికిన చోటు ఏదంటే గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడ. మా నీళ్లూ పొలాలూ పాడవుతాయని ఊళ్లు అడ్డం పడ్డాయి. 2025 జూన్‌లో గొడవ ముదిరి కేసులయ్యాయి, అరెస్టయిన రైతులను బేడీలతో అలంపూర్ కోర్టుకు తెచ్చారు. కారులో కూర్చున్నవాడికి సీటుబెల్టు, దాని మేత కార్ఖానాకు అడ్డం పడ్డవాడికి బేడీలు.

బ్యాటరీ ఒక్కటి మిగిలింది. అదీ మన పాలమూరులోనే. దివిటిపల్లిలో అమరరాజా వారి 9,500 కోట్ల ప్రాజెక్టుకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. లిథియం సెల్లులు అక్కడ చేస్తారు. ఉద్యోగాలొస్తే మంచిదే, నేను వద్దనను. మన పిల్లలు బొంబాయి బస్సెక్కకుండా ఆగితే అంతకన్నా ఏం కావాలి.

బావ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "పెట్రోలు పోసినా, కరెంటు పెట్టినా మేత మన దొడ్లదే. నడిచేది మాత్రం జూబ్లీహిల్స్‌ల."

బేరం చెడిపోతుందని భయమేసి, పన్ను సంగతి ఎత్తాను. పన్నెండు లక్షల పెట్రోలు కారుకు రెండు లక్షల పైన జీవితకాల పన్ను కట్టాలి. కరెంటు కారుకు 2024 నవంబరు 18 నుంచి అది సున్నా, రిజిస్ట్రేషన్ రుసుమూ సున్నా. కానీ 2026 డిసెంబరు 31 దాకానే, కొనేదుంటే తొందరపడమన్నాను.

"దీనికైతే తారీకు ఏసిండ్రన్నమాట" అని తువ్వాల దులుపుకుని లేచాడు బావ.

జీవో 98 తేదీ 1986 ఏప్రిల్.