ఎంసీబీకి పౌరుషం ఎక్కువ

మే నెల, విజయవాడ. మధ్యాహ్నం రెండు దాటాక ‘టక్’మని ఓ చప్పుడు, ఆ వెంటనే పడకగదిలో ఏసీ ఆగిపోతుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది, హాల్లో టీవీ మోగుతూనే ఉంటుంది. అంటే కరెంటు పోలేదు, ఏసీ ఎంసీబీ ఒక్కటే పడిపోయింది. ఇంటాయన లుంగీ ఎగ్గట్టి, స్టూలెక్కి, తలుపు మీది పెట్టెలో వాలిపోయిన మీటను పైకి నెడతాడు. పావుగంటకు మళ్లీ ‘టక్’.

అపార్ట్‌మెంట్లో నీళ్లకు కొరత రావచ్చుగానీ సలహాలకు రాదు. ‘గ్యాస్ అయిపోయుంటుందండీ’ అన్నాడు ఎదురింటాయన. మనిషికి ఛాతీలో నొప్పొచ్చినా, ఏసీ ఆగినా మనవాళ్లు ముందుగా తేల్చేది అదే. నిజానికి గ్యాస్ తగ్గితే కంప్రెసర్ మీద భారం పెరగదు, తగ్గుతుంది. గది చల్లబడదు, అంతే. పాపం, ఎంసీబీని పడగొట్టే శక్తి దానికి లేదు.

బావమరిదిది ఇంకా దూకుడు. ‘ఆ 16 ఆంపులది పీకేసి 32ది పెట్టిద్దాం బావా, దెబ్బకి దారికొస్తుంది!’

ఈ వైద్యానికి మన ఇళ్లలో పెద్ద చరిత్రే ఉంది. పింగాణీ ఫ్యూజుల కాలంలో, సన్న తీగ మాటిమాటికీ కాలిపోతోందని నాలుగు పోగులు మెలిపెట్టి బిగించిన మేధావుల వారసత్వమిది. ఎంసీబీ ఉన్నది ఏసీ కోసమని చాలామంది అనుకుంటారు. అది కాపలా కాసేది గోడలోని తీగని. అక్కడున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 32 ఆంపుల ఎంసీబీ పెడితే, తీగ లోలోపల కాలుతున్నా పైన మీట మాత్రం నిటారుగా నిలబడే ఉంటుంది.

జర్మనీలోని మన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్జ్ 1924లో పేటెంటు తీసుకున్న ఈ చిన్న పెట్టెలో కాపలాదార్లు ఇద్దరు. ఒకడిది ముక్కుమీద కోపం. అది విద్యుదయస్కాంతం, షార్ట్ సర్క్యూట్ అయితే రెప్పపాటులో మీట పడేస్తుంది. రెండోవాడు నిదానస్తుడు. రెండు లోహాలు అతికించిన పట్టీ అది. వేడెక్కేకొద్దీ మెల్లగా వంగి, ఇక ఓర్చుకోలేని స్థితిలో మీటను తన్నేస్తుంది.

కాబట్టి పడిపోయిందా లేదా అన్నది కాదు, ఎప్పుడు పడిపోయిందన్నది ముఖ్యం. స్విచ్ వేయగానే పడితే తీగల్లోనో కంప్రెసర్ చుట్టల్లోనో షార్ట్ ఉన్నట్టు. కంప్రెసర్ ‘ఊఁ’ అని మూలిగి, తిరగలేక, కొన్ని సెకన్లలో పడితే కెపాసిటర్‌ను అనుమానించాలి. మామూలు ఒకటిన్నర టన్ను ఏసీ నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపులే లాగుతుంది. కానీ మొరాయించిన కంప్రెసర్ దానికి ఐదారు రెట్లు లాగుతుంది. అది కాక, ఆగిన కంప్రెసర్‌ను వెంటనే లేపకూడదు. లోపలి పీడనాలు సర్దుకోవడానికి మూడు నిమిషాలైనా ఇవ్వాలి. ఇంటాయన స్టూలు దిగకుండానే మీట నెట్టేవాడు.

అసలు సంగతి పట్టుకున్నది ఇల్లాలు. ‘ఏవండీ, రాత్రంతా వేసినా ఇది ఒక్కసారీ పడట్లేదు. రెండింటి నుంచి నాలుగింటి దాకానే పడుతోంది, గమనించారా?’ ఆయన గమనించలేదు. ఆయన చూపంతా మీట మీదే.

మెకానిక్ వచ్చి క్లాంప్ మీటరు తగిలిస్తే 11 ఆంపులు చూపించింది. పెట్టె మూత విప్పితే ఎంసీబీ కింద మర వదులై, తీగ చివర నల్లగా మాడి ఉంది. వదులు మర దగ్గర పుట్టిన వేడి నేరుగా ఆ నిదానస్తుడికే తగులుతోంది. పైగా ఎంసీబీ మీద రాసే ఆంపుల లెక్క 30 డిగ్రీల వేడికి కట్టింది. పడమటి గోడ మీది ఆ పెట్టెలో మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో ఎవరికి వాళ్లే ఊహించుకోవచ్చు. రెంటచింతల వాళ్లు ఊహించుకోనక్కర్లేదు కూడా.

‘మర సంగతి సరే సార్, 11 ఆంపులెందుకు లాగుతోంది?’ అంటూ మెకానిక్ బాల్కనీలోకి వెళ్లి, అక్కడే ఆగిపోయాడు. అవుట్‌డోర్ యూనిట్ ముందు, ఫ్యాను గాలికి అడ్డంగా, తాడు మీద రెండు దుప్పట్లు. వేడిగాలికి అరగంటలో ఆరిపోతాయని ఇంటాయన స్వయంగా కనిపెట్టిన పద్ధతి. బంధువులొస్తే చూపించి మురిసిపోయేవాడు కూడా. వెనక జాలీ నిండా దుమ్ము, పావురాల ఈకలు. గదిలోంచి తోడిన వేడి బయటికి పోయే దారిలేక యంత్రంలోనే తిరుగుతోంది. పీడనం పెరిగింది, దాంతోపాటు ఆంపులూ పెరిగాయి.

జాలీకి నీళ్లతో స్నానం చేయించి, మాడిన తీగ చివర కత్తిరించి, పాతదాని స్థానంలో అదే 16 ఆంపుల కొత్త ఎంసీబీ బిగించి చూస్తే మీటరు ఎనిమిది దగ్గర నిలిచింది. బావమరిది అలిగి టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

దుప్పట్లు ఇప్పుడు మేడ మీద ఆరుతున్నాయి. లిఫ్టు అక్కడిదాకా పోదు. బకెట్‌తో రెండంతస్తులు మోసుకెళ్లే పని పద్ధతి కనిపెట్టినాయనకే పడింది.