దురద తగ్గకుండా కాపాడుకునే గృహవైద్యం

వీపనగండ్లలో ఒకరి మోచేతి మడతలో దురద మొదలైతే తెల్లారేసరికి వాడకట్టంతా తలా ఒక మందు చెబుతుంది. ఇది మన ఊరి అదృష్టం. పట్నంలో ఈ సౌకర్యం లేదు, అక్కడ పక్కింటివాళ్లకు మన మోచెయ్యి కనబడదు. అయితే మందులు ఎక్కువై పద్ధతి తక్కువై, కొందరికి పొరపాటున దురద తగ్గిపోతోంది. అలాంటి నష్టం జరగకుండా, ఒకసారి వచ్చిన గోకుడు మనుమల కాలం దాకా మనల్ని అంటిపెట్టుకుని ఉండేలా, ప్రకృతి సిద్ధంగా ఏమేం చేయవచ్చో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, వచ్చిందేమిటో తెలుసుకోవద్దు. గజ్జి అయితే కంటికి ఆనీ ఆనని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. పడుకోగానే దురద లేస్తుంది, వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ పొక్కులు కనబడతాయి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు గోక్కోవడం మొదలుపెడతారు. తామర అయితే బూజు జాతిది. అంచు ఎర్రగా లేచి, నడుమ మానినట్టు కనబడుతూ చక్రంలా పెరుగుతుంది. ఎగ్జిమా ఈ రెండూ కాదు. అందులో పురుగూ లేదు, బూజూ లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. చర్మం తేమను పట్టి ఉంచుకోలేక ఎండిపోతుంది, బయటివన్నీ లోపలికి చొరబడతాయి, ఒళ్లు వాటితో గొడవకు దిగుతుంది. చర్మాన్ని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని 2006లో స్కాట్లండ్‌లోని డండీ పరిశోధకులు తేల్చారు. మూడు జబ్బులకు మూడు వేర్వేరు మందులు. ఇన్ని తేడాలు పట్టించుకుంటే గృహవైద్యం ముందుకు సాగదు. కాబట్టి అన్నిటినీ ‘తామర’ ఖాతాలో వేసేయండి. రంగు పాలిపోయి, గిల్లినా తెలియని మచ్చ కనబడినా సరే, అది కుష్ఠేమోనని ఆశా కార్యకర్తకు చూపించకుండా అదే ఖాతాలో వేసి పసుపు రాయండి.

గజ్జికి డాక్టరు రాసే మందును ఒకే రాత్రి ఇంటిల్లిపాదీ మెడ నుంచి అరికాళ్ల దాకా పూసుకోవాలంటారు. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకమంటారు. వినకండి. గోకేవాళ్లకు మాత్రమే, గోకే చోట మాత్రమే రాయండి. నెల తిరగకముందే పురుగు ఇంట్లోనే ఇంకొకరి ఒంటి మీది నుంచి తిరిగి వచ్చేస్తుంది.

చెట్టు నుంచి వచ్చింది ఏదీ హాని చేయదన్నది మన మూలసూత్రం. దీనికి అడ్డం మాట్లాడేవాళ్లు దూలగొండిని తెస్తారు. కంచెల మీద పాకే ఆ తీగ కాయకు పట్టిన నూగు, బడిపిల్లలు తోటివాళ్ల వీపున రాసి పారిపోయేది, నూటికి నూరుపాళ్లు సహజమే. రసాయనం ఒక్క చుక్క కలపలేదు. అయినా తగిలిన మనిషి ఒళ్లంతా రక్కుకుంటాడు. ఆ నూగు మీద లోకంలో చాలా పరిశోధన జరిగింది. 1955లో అమెరికాలో షెల్లీ, ఆర్థర్ అనే ఇద్దరు అందులో దురద పుట్టించేది ఒక ఎంజైమని చెప్పి దానికి మ్యూకునెయిన్ అని పేరు పెట్టారు. అది నరాల్లో దేన్ని మేల్కొలుపుతుందో 2008లో బోస్టన్ నుంచి వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఆ పత్రంలో మొదటి పేరు వేమూరి బి. రెడ్డి. దూలగొండి దురద నడిచేది అలర్జీ గోలీలు అడ్డుకునే హిస్టమిన్ దారిన కాదు. ఎగ్జిమా దురద కూడా చాలావరకు ఆ దారిన రాదు. అందుకే పాత రకం అలర్జీ గోలీ వేసుకుంటే మబ్బుగా నిద్ర పడుతుంది గానీ, లేచాక గోకుడు ఎప్పటిలాగే ఉంటుంది. మీరు మాత్రం ఈ గొడవంతా వదిలేసి రోజుకొక గోలీ వేసుకుంటూ ఉండండి. నిద్రలో గోక్కున్నది లెక్కలోకి రాదు.

నల్లజీడి కూడా సహజమే. చాకిరేవులో బట్టలకు గుర్తు పెట్టే ఆ నల్లటి రసం రెండో ప్రపంచయుద్ధంలో మన దేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు మెడ వెనక బొబ్బలు తెప్పించింది. కారణం వెతికితే చొక్కా కాలరు లోపల చిన్న గుర్తు దొరికింది. 1943లోనే ఈ సంగతి వైద్య పత్రికకెక్కింది. ఆరిపోయిన గుర్తే అంత పని చేస్తే, పచ్చి నూనెను పుండు మీద వేస్తే ఎంత బలంగా పనిచేస్తుందో ఆలోచించండి. నల్లజీడి నూనె ఒక చుక్క వేసి, చర్మం ఊడి వచ్చినప్పుడు ‘లోపలి విషం బయటికొస్తోంది’ అని ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పండి.

కాలువ గట్ల మీద, బీళ్లలో, బడి వెనక పూచే వయ్యారిభామను మరిచిపోవద్దు. ఈ కలుపు మన దేశంలో 1950ల నడుమ పుణె దగ్గర కంటబడింది, ఇప్పుడు అది లేని ఊరు లేదు. దాని పుప్పొడి, ఎండిన ఆకు పొడి గాలిలో కలిసి కంటిరెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో దద్దులు లేపుతుంది. కొందరికి ఏళ్ల తరబడి వదలదు. పూత రాకముందే, నిండు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు వేసుకుని పీకమని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు. మనం పూత బాగా విరగబడినప్పుడే, ఒట్టి చేతులతో, గాలి వాటున నిలబడి పీకాలి. చెమట పడితే అదే చేత్తో ముఖం తుడుచుకోవాలి. సాయంత్రానికి కళ్లు ఉబ్బితే పొద్దున అన్నంలో ఏం తిన్నామో గుర్తు చేసుకుని, ఆ వంకాయ మీద నేరం మోపాలి.

పథ్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైద్యంలో రుచికరమైన భాగం అదే. పెద్దలకు వంకాయ, గోంగూర, చేపలు మాన్పించడం మామూలు విషయం. దానివల్ల పెద్దగా పోయేదేమీ లేదు, మనిషికి విసుగు పుడుతుందంతే. అసలు ఫలితం పసిపిల్లల దగ్గర కనబడుతుంది. ఎగ్జిమా ఎక్కువమందిలో ఐదేళ్లలోపే మొదలవుతుంది. చెంపల మీద దద్దు కనబడగానే పాలు మాన్పించండి. మోకాలి వెనకకు పాకితే అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు వద్దని టీచరమ్మకు చెప్పి రండి. తర్వాత పప్పు, ఆ తర్వాత పల్లీలు. పల్లికి పేరుపడ్డ వనపర్తి, గద్వాల నేల మీద పుట్టిన బిడ్డ పల్లి పట్టీ ముట్టకుండా పెరగడం మామూలు విషయం కాదు. నిజంగా ఏదైనా పడని పిల్లల్లో తిన్న కాసేపటికే పెదాలు ఉబ్బడమో, వాంతులో కనబడతాయి, దాన్ని డాక్టరు పరీక్షించి తేలుస్తారు. మిగతా పిల్లలకు తిండి తీసేస్తే దద్దు అలాగే ఉంటుంది, తూకం మాత్రం పడిపోతుంది. అప్పుడు ‘దురద వల్లే బిడ్డ చిక్కిపోయింది’ అని చెప్పుకోవడానికి వీలుంటుంది.

స్నానం పొగలు కక్కే నీళ్లతో పోయాలి. చర్మంలో మిగిలిన కాస్త జిడ్డు కూడా పోవాలంటే ఎక్కువ నురగ వచ్చే సబ్బు, పీచు, పిల్లలకైతే శనగపిండి నలుగు. మామూలు సబ్బుకు క్షారగుణం, చర్మానికి కొంచెం ఆమ్లగుణం. ఆ రెంటినీ ఎంతసేపు కొట్లాడిస్తే అంత మేలు. తర్వాత తువ్వాలుతో రుద్ది రుద్ది, ఒళ్లు ఎండిన చెరువు అడుగులా పలపలలాడే దాకా ఆగండి. ఏ నూనె రాసినా అప్పుడే రాయాలి. గోరువెచ్చని నీళ్లు, తక్కువసేపు స్నానం, అద్దినట్టు తుడుచుకుని తడి ఆరకముందే పూత అనేది చర్మ డాక్టర్ల పద్ధతి. ఆ పద్ధతిలో వట్టి వ్యాజిలైన్ కూడా పనిచేస్తుంది, కాబట్టి మన వైద్యానికి విలువ ఉండదు.

కొబ్బరినూనెతో చాలా జాగ్రత్త. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు వాడి చూసి, మినరల్ ఆయిల్ కన్నా పచ్చి కొబ్బరినూనె ఎగ్జిమాకు మేలని 2014లో ప్రకటించారు. అంటే ఇది మన పథకాన్ని చెడగొట్టే మందు. విడిగా ఎప్పుడూ రాయకండి. కర్పూరం నూరి కలపండి. చుర్రుమంటే ‘పనిచేస్తోంది’ అని అర్థం. చంటిపిల్లలకు కర్పూరం ఫిట్స్ దాకా తెస్తుందన్న మాట విననట్టు ఉండండి.

మన పాత వైద్యంలోనూ ఇలాంటి ప్రమాదకరంగా మంచి మందు ఒకటుంది, శతధౌత ఘృతం. రాగి పళ్లెంలో ఆవునెయ్యి వేసి, నీళ్లు పోసి అరచేత్తో తిప్పుతూ మర్దించి, ఆ నీళ్లు వంపేసి మళ్లీ కొత్త నీళ్లు పోస్తారు. ఇలా వందసార్లు. మొదట్లో నెయ్యి వేళ్లకు జారుతూ, పసుపు రంగులో, నెయ్యి వాసనతోనే ఉంటుంది. పోనుపోను రంగు తెల్లబడి, వాసన విరిగి, వెన్న కన్నా మెత్తగా నురగలా తేలుతుంది. ఎండిన చర్మం మీద చల్లగా పరుచుకుంటుంది. అంత ఓపిక ఎవరికుంది? నాలుగుసార్లు కడిగి, మిగతా తొంభై ఆరుకు బదులు చిటికెడు బ్యాటరీ మసి కలపండి.

మెట్టతామర ఆకుకు, అదే సీమ అవిసెకు, బూజును అణిచే గుణం నిజంగానే ఉంది. కాబట్టి దాన్ని బూజు తామరకు రాయకూడదు, ఎగ్జిమాకే రాయాలి. వెల్లుల్లి ముద్ద అయితే కట్టు కట్టి రాత్రంతా ఉంచండి, పొద్దుటికి కాలిన బొబ్బ చేతిలో ఉంటుంది. నిమ్మరసం పూసుకుని మిర్చి కల్లంలో ఎండకు కూర్చోండి. రసం కారిన దారి పొడుగునా నల్లటి చారలు దిగి నెలల తరబడి నిలుస్తాయి. జిల్లేడు పాలు తీసేటప్పుడు కన్ను నలుపుకోవడం మాత్రం మీ ఇష్టానికి వదిలేస్తున్నాను. చర్మ వైద్యంతో మొదలై కంటి వైద్యంతో ముగియడం అందరికీ నచ్చకపోవచ్చు.

ఇన్నిట్లో ఏ మందు గొప్పదని ఎలా తెలుస్తుంది? ఎగ్జిమా స్వభావమే పొంగడం, తగ్గడం. చలికాలం రేగుతుంది, వానలు పడితే చల్లబడుతుంది, బిడ్డ ఎదిగితే చాలామందిలో నెమ్మదిస్తుంది. కాబట్టి ఏ మందైనా దురద నెత్తికెక్కినప్పుడే మొదలుపెట్టాలి. అక్కడి నుంచి అది ఎలాగూ దిగుతుంది, పేరు మందుకు వస్తుంది. అక్కి లేస్తే కుమ్మరి దగ్గరికి పోయి జాజుతో సింహం బొమ్మ రాయించుకుంటాం కదా, అక్కి దానంతటదే కొన్ని వారాల్లో ఎండుతుంది, సింహం మాత్రం తరతరాలుగా గెలుస్తూ వస్తోంది. పెబ్బేరు సంతలో కొన్న వేరుకైనా, పక్కింటి అత్తమ్మ చెప్పిన పసరుకైనా ఇదే బలం. మళ్లీ రేగినప్పుడు మాత్రం నేరం మందుది కాదు, మీరు పథ్యం తప్పారు.

ఇక ఇంగ్లీషు మందు మాట. డాక్టరు స్టెరాయిడ్ పూత రాసిస్తే భయపడి పారేయండి. ఎన్ని రోజులు, ఎక్కడ, ఎంత అని ఆయన లెక్క చెప్పి ఉంటాడు. చూపుడువేలి కొస కణుపు పొడుగున పిండితే వచ్చే మందు రెండు అరచేతులంత మేరకు సరిపోతుందనీ, తగ్గాక మెల్లగా మాని తేమ పూత కొనసాగించాలనీ అంటాడు. లెక్క ఉన్న మందు మనకెందుకు? నేరుగా షాపుకు పోయి ‘దురదకు మంచి ట్యూబు’ అనండి. స్టెరాయిడ్, బూజు మందు, యాంటీబయాటిక్ మూడూ ఒకే మూత కింద దొరుకుతాయి. స్టెరాయిడ్ పూతలు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లో కేంద్రం కట్టుదిట్టం చేసింది గానీ, మనం చీటీ అడిగేవాళ్లం కాదు, వాళ్లూ మొహమాటపెట్టరు. గజ్జల్లో తామరకు దాన్ని రాస్తే రెండో రోజుకే ఎరుపు పోతుంది, దురద పోతుంది, బూజు మాత్రం లోలోపల హాయిగా పాకుతుంది. మానగానే రెట్టింపై లేస్తుంది. తొడల మీద చర్మం పలచబడి పడిన చారలు ఇక పోవు. ఇలాంటి వాడకం మధ్యనే మన దేశంలో మొండి తామర ప్రబలింది. మామూలు బూజు మందుకు లొంగని ఆ రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియె అని మన దేశం పేరే పెట్టారు. 2023లో అది న్యూయార్కులో కూడా కనబడిందని అక్కడి ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మన గజ్జల్లోని సరుకుకు ఇంత పేరు రావడం చిన్న విషయమా?

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకనాడు ఇంట్లో పిల్లలు ఊరుకోక వనపర్తికి తీసుకుపోతారు. 2022 నవంబరులో మెడికల్ కాలేజీ మొదలయ్యాక ఈ ముప్పు మరీ దగ్గరైంది. అప్పుడూ ధైర్యం చెడొద్దు. బయల్దేరే ముందు మచ్చల మీద పసుపు దట్టంగా పట్టించండి, కింద ఏముందో ఎవరికీ కనబడకూడదు. వాడిన ట్యూబులన్నీ ఇంట్లో అటక మీదే ఉంచండి. లోపలికి పిలిచాక మాట ఇలా సాగాలి:

“ఏమేం రాసిండ్రమ్మా దీనికి?”

“ఏం రాయలె సారూ. ఊకె పసుపు.”

“ట్యూబేమన్న వాడిండ్రా?”

“వాడిన. తెల్లగుంటది.”

“పేరేంది?”

“పేరెవలు సూసిండ్రు సారూ, మూత నీలంది.”