విమోచన వయా మీనంబాకం

స్వేచ్ఛను ఎగుమతి చేసే దేశాలు కొన్నున్నాయి. రాజంపేట ఎగుమతి చేసేది మనుషుల్ని. (ఎర్రచందనం సంగతి ఇక్కడ వద్దు, అది అటవీశాఖ వారి సబ్జెక్టు.) స్వేచ్ఛ, మనుషులు అనే ఈ రెండు సరుకులూ ఒకసారి ఒకే రేవులో దిగాయి. దాని మీద వాషింగ్టన్‌లో, లండన్‌లో లావుపాటి పుస్తకాలు వచ్చాయి గానీ, రాజంపేట బస్టాండులో టీ తాగేవాళ్లను ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్ మీదికి ట్యాంకులు తోలాడు. అప్పటికే మన రాజంపేట, రాయచోటి, కోడూరు పల్లెల నుంచి పోయినోళ్లు అక్కడ బండ్లు నడుపుతున్నారు, గొర్రెలు మేపుతున్నారు, షేకుల ఇళ్లలో వంటలు చేస్తున్నారు. కువైట్ రాజుగారు సరిహద్దు దాటి సౌదీకి పోయారు. మనోళ్లకు ఆ సౌకర్యం లేదు. పాస్‌పోర్టు కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) దగ్గర, కఫీల్ ఎక్కడో తెలీదు.

అప్పుడు మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ పోయి సద్దాంను కౌగిలించుకున్నాడు. ఆ ఫొటో చూసి ప్రజాస్వామ్య ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. నియంతను కౌగిలించుకోవడమా! సరే, తప్పే. కానీ ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా అమ్మాన్ నుంచి 488 విమానాల్లో లక్షా పదకొండు వేల మందికి పైగా ఇల్లు చేరారు. విలువల ఖాతాలో సున్నా పడ్డ ఆ కౌగిలి మనుషుల ఖాతాలో బాగానే కలిసొచ్చింది. మన దౌత్యంలో నాకు నచ్చిన కౌగిలి అదొక్కటే. తర్వాత చూసినవన్నీ కెమెరా కోసం.

1991 జనవరి 17న విమోచన యుద్ధం మొదలైంది. ముప్పైకి పైగా దేశాల కూటమి, అమెరికా నాయకత్వం. అందులో మన దేశం లేదు, మనది అలీన విధానం. అయితే అమెరికా సైనిక విమానాలు గల్ఫ్‌కు పోతూ బొంబాయిలో, ఆగ్రాలో, మద్రాసులో దిగి ఆయిలు పోయించుకున్నాయి. మద్రాసు అంటే మీనంబాకం, రాజంపేటోళ్లు సూట్‌కేసుకు నైలాన్ తాడు కట్టి కువైట్ విమానం ఎక్కే చోటు. కూలి కోసం పోయేవాడికీ, స్వేచ్ఛను మోసుకుపోయేవాడికీ ఒకటే రన్‌వే.

ఆయిలు పొయ్యమన్నది ఎవరయ్యా అంటే చంద్రశేఖర్ ప్రభుత్వం. గుప్పెడు ఎంపీలు సొంతం, మిగతా బలమంతా బయటినుంచి కాంగ్రెస్ అప్పు. రాజీవ్ గాంధీ కళ్లెర్రజేస్తే ఆయిలు ఆగింది. కొన్నాళ్లకు రాజీవ్ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా పోలీసులు కాపలా కాసి చూస్తున్నారన్న గొడవలో ప్రభుత్వమే పోయింది. మార్చి 6న చంద్రశేఖర్ రాజీనామా చేశాడు. ఆ నెలలోనే కువైట్ రాజుగారు కోటకు తిరిగొచ్చారు. స్వేచ్ఛ ఒకరిని కుర్చీ ఎక్కించి, ఒకరిని దించింది. ఎక్కినాయన ఎన్నికైనవాడు కాదు, దిగినాయన ఎన్నికైనవాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

కువైట్‌కు స్వేచ్ఛ వచ్చినా ఆడవాళ్లకు ఓటు 2005 దాకా రాలేదు. ఆ సంవత్సరమే మన్మోహన్ సింగ్, బుష్ కలిసి ఐక్యరాజ్యసమితిలో ప్రజాస్వామ్య నిధి ఒకటి పెట్టించారు. లోకంలో ప్రజాస్వామ్యం పెంచడానికి మన వాటా కోటి డాలర్లు. ఇచ్చే చెయ్యి కదా, నాకూ గర్వమే అనిపించింది.

తర్వాత ఇంకో లెక్క చూడండి. 2014లో మన ప్రభుత్వానికి ఒక మంచి ఆలోచన వచ్చింది. కువైట్ ఇళ్లలో పనికి పోయే ఆడమనిషికి జీతం ఎగ్గొట్టినా, ఇంట్లోంచి గెంటేసినా అక్కరకొస్తుందని, పెట్టుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలన్నారు. అక్కడి లెక్కలో 720 దినార్లు. కువైట్‌కు కోపమొచ్చింది. మీ ఆడవాళ్లు మాకొద్దు, వీసాలు ఇయ్యం పొమ్మంది. మూడేళ్లు పట్టుబట్టి 2017లో మనవాళ్లే గ్యారంటీ ఎత్తేశారు. ప్రపంచ ప్రజాస్వామ్యానికి కోటి డాలర్లు పెట్టగలిగాం గానీ, ఓబులవారిపల్లె నుంచి పోయిన వంటమనిషికి రెండున్నర వేల డాలర్లు ఎదుటివాడి చేత కట్టించలేకపోయాం. కోటి మన జేబులోది, సులభం.

గ్యారంటీ పోయినా రక్షణ పోలేదులెండి. ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషి ఇంటిపనికి పోకూడదని రూలుంది. దాంతో రాజంపేట చుట్టుపక్కల ఆడబిడ్డల వయసు ఏజెంటు ఆఫీసు గడప దాటేసరికి ముప్పై ఒకటి అవుతుంది. కుదరకపోతే విజిట్ వీసా మీద దుబాయికి, అక్కడినుంచి ఇంకో చోటికి. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజు ముప్పై వేలు, పైన పన్ను అని ప్రభుత్వం రాసిపెట్టింది. ఆ కాగితం చదివి నవ్వని సబ్ ఏజెంటును నేనింతవరకూ చూడలేదు.

కువైట్‌ను కూడా మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. ఇంటిపనివాళ్లకు వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించి పని వద్దు అని 2015లోనే చట్టం చేసింది, గల్ఫ్‌లో అదే మొదటిది. చట్టం ఉంది, పనిమనిషి ఉంది, మధ్యలో తలుపు ఉంది. ఆ తలుపు లోపలినుంచి మూసుంటుంది. భరించలేక గోడ దూకితే ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని పరారీ మనిషి. ఇంక పోలీసులు పట్టుకోవడమో, క్షమాభిక్ష కోసం కాచుకోవడమో. 2018లో ఒకటి, 2020లో ఒకటి, 2024లో ఒకటి వచ్చాయి. ఎన్నికల కన్నా ఇవే క్రమం తప్పకుండా వస్తున్నాయి.

2003లో ప్రజాస్వామ్యం మళ్లీ బయల్దేరింది, ఈసారి కువైట్ ఇసుకలోంచి ఇరాక్ మీదికి. ఆ కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. 2021 డిసెంబరులో జో బైడెన్ ప్రజాస్వామ్య దేశాల సదస్సు పెట్టి నూరుకు పైగా దేశాలను పిలిచాడు. అరబ్బుల్లో పిలుపు అందింది ఇరాక్‌కు ఒక్కదానికే. కువైట్‌కు లేదు. దండెత్తినోడికి విస్తరేశారు, విమోచన పొందినోడు వాకిట్లో నిలబడ్డాడు. మనకూ పిలుపొచ్చింది. ప్రజాస్వామ్యానికి తల్లి మనమేనని ఈమధ్య గట్టిగా చెప్పుకుంటున్నాం కదా, తల్లిని పిలవకుండా ఎట్లా?

2024 మే 13న రాజంపేట ఎండలో వరుసకట్టి ఓటేసింది. దానికి సరిగ్గా మూడు రోజుల ముందు, మే 10న, కువైట్ కొత్త రాజుగారు పార్లమెంటును రద్దుచేసి, రాజ్యాంగంలో కొన్ని అధికరణాలను నాలుగేళ్లదాకా పక్కనబెట్టారు. విమోచనకు ఉరికిన కూటమి దేశాల్లో ఒక్కటీ ఈసారి ఆయిలు పోయించుకోవడానికి దిగలేదు. ఆ డిసెంబరులో మన ప్రధాని కువైట్ వెళ్లారు. 43 ఏళ్లలో మొదటి పర్యటన. లేబర్ క్యాంపులో మనోళ్లతో కూర్చున్నారు, వాళ్ల అత్యున్నత బిరుదు అందుకున్నారు. పార్లమెంటు ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే మంచిదైంది. పది లక్షల మంది మనోళ్లు అక్కడ కూలి చేస్తుంటే పక్కింటాయనకు నీతులు చెప్పే స్థోమత ఎవరికుంది? పైగా మన దగ్గర జనం మాటకు దక్కే విలువా తెలిసిందే. అప్పట్లో మాదైన అన్నమయ్య జిల్లాకు కేంద్రం ఎక్కడ పెట్టాలన్నప్పుడు, పార్లమెంటు స్థానానికే పేరిచ్చిన మా ఊరు నెత్తీనోరూ కొట్టుకుంది. 2022లో అభ్యంతరాలు స్వీకరించారు. స్వీకరించడం చాలా బాగా జరిగింది. కేంద్రం రాయచోటికి పోయింది.

నాకు అర్థం కానిది ఒకటే. నీతులు చెప్పొద్దు సరే, బేరమైనా ఆడొచ్చు కదా? 2025 జులై 1 నుంచి కువైట్ కంపెనీల్లో పనిచేసే పరాయి దేశపోళ్లు ఆ దేశం దాటాలంటే యజమాని ఆన్‌లైన్‌లో అనుమతివ్వాలని రూలు పెట్టారు. విమోచన జరిగిన 34 ఏళ్లకు ఊరికొచ్చే స్వేచ్ఛ కఫీల్ ఫోన్‌లోకి చేరింది.

ఇక మన వైపు. 2010లో చట్టం మార్చి ప్రవాసులకు ఓటిచ్చాం. షరతు చిన్నదే: ఊరికొచ్చి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించి వెయ్యాలి. 2024లో దేశమంతా కలిపి 1.19 లక్షల మంది ప్రవాసులు నమోదైతే వచ్చి వేసినవాళ్లు మూడు వేలు నిండలేదు, వాళ్లలోనూ మలయాళీలే ఎక్కువ. కువైట్ ఫర్వానియా నుంచి లీవులో వచ్చి బస్టాండులో కూర్చున్న కంపెనీ డ్రైవరు ఒకాయనకు ఇదంతా విడమరిచి చెబుతుంటే పక్కనున్న పిల్లోడు విన్నాడు.

"అంటే మామా, మన రాజంపేట ఎమ్మెల్యేను ఎన్నుకోవాలంటే ముందు ఫర్వానియాలో నీ కఫీల్ ఓకే నొక్కాల్నా?"

"నొక్కాల. నొక్కినంక ఆఫీసు బీరువాలోంచి పాస్‌పోర్టు తీసియ్యాల. అడిగి చూస్తాలే. ఎలక్షన్లు రంజాన్ నెల్లో పడకుంటే ఇస్తాడు, మంచోడే."