గడప దాటని బుజ్జి: టీకా తాత్పర్య సహితం

మూలం

గడప దాటదండి కదలదు మా పిల్లి
పురుగు లెట్లు పట్టె బుజ్జికిపుడు
ఎదుటి యింటి కుక్క యిటు రానె రాదండి
ఎవరు తెచ్చిరండి యింత చేటు

అవతారిక: విశాఖలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. ఆ ఇంటి ఇల్లాలు పిల్లిని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వచ్చింది. ఆయన సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసును తడి దూది మీద పెట్టాడు. నలుసు చుట్టూ మెల్లగా ఎర్రటి మరక ఊరింది. మట్టి అయితే ఎర్రబడదు. అది ఫ్లీ అనే పురుగు తాగి విసర్జించిన రక్తం. ఆ మరక చూసిన ఇల్లాలి నోటి వెంట వెలువడినదే ఈ పద్యం. శోకం శ్లోకం కావడం మన దేశంలో కొత్త కాదు.

ప్రతిపదార్థం: మా పిల్లి = మా ఇంటి మార్జాలము; గడప దాటదు + అండి = గుమ్మము బయట పాదము మోపదు; కదలదు = సోఫా మీదినుంచి సైతము లేవదు; బుజ్జికి = ఆ నామధేయము గల జీవికి; ఇపుడు = సరిగ్గా ఈ నెలలో; పురుగులు = ఫ్లీలు; ఎట్లు పట్టెన్ = ఏ మార్గమున సంక్రమించెను; ఎదుటి యింటి కుక్క = ప్రథమ అనుమానితుడు; ఇటు రానె రాదు + అండి = నిర్దోషి; ఇంత చేటు = దురద, ఊడిన బొచ్చు, డాక్టరు బిల్లు అను మూడును; ఎవరు తెచ్చిరి = ఎవరు మోసికొని వచ్చిరి.

తాత్పర్యం: పిల్లి బయటికి వెళ్లదు, కుక్క లోపలికి రాదు, అయినా పురుగులు వచ్చాయి. కాబట్టి తెచ్చింది ఎవరు?

విశేషాలు: "గడప దాటదు" అనడంలో వక్త అబద్ధమాడలేదు. కానీ పిల్లి దాటని గడపను మిగతా వాళ్లందరూ రోజుకి ఎన్నిసార్లు దాటుతున్నారో లెక్క చెప్పలేదు. మెట్ల కింద వీధిపిల్లి పడుకుంటుంది. దాని ఒంటి మీది పురుగుల గుడ్లు అక్కడే రాలి, అక్కడే పెరుగుతాయి. ఫ్లీకి రెక్కల్లేవు. పిడుదులాగా గడ్డిపరక పట్టుకుని ఎదురుచూసే ఓపికా లేదు. ఉన్నదల్లా దూకుడు. రెండు మిల్లీమీటర్ల ఒళ్లు, జానెడు ఎగురుడు. దాని కాళ్ల మొదట్లో ఉండే రెసిలిన్ అనే సాగే పదార్థం ఆ ఎగురుడికి బలాన్ని దాచి ఉంచుతుందని 1967లో బెన్నెట్-క్లార్క్, లూసీ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. మనిషి ప్యాంటు అంచు అందుకోవడానికి జానెడు చాలు. మనిషి దానికి ఇష్టభోజనం కాదు, రవాణా సౌకర్యం మాత్రమే. దారిలో ఆకలేస్తే చీలమండ దగ్గర కుడుతుంది కూడా.

ఇక ఎదుటి యింటి కుక్క. దీన్ని నిర్దోషిగా వదిలేయడానికి ఈ వ్యాఖ్యాతకు మనసొప్పదు. టీనోసెఫాలిడిస్ ఫెలిస్ అని పేరులోనే పిల్లిని పెట్టుకున్న ఈ పురుగు కుక్కల మీదా పుష్కలంగా బతుకుతుంది. కుక్క ఇటు రాదు, నిజమే. కుక్క గారి యజమాని మాత్రం పెరుగు తోడుకి వస్తాడు. ఇవి కాక, డ్రైనేజీ గొట్టం పట్టుకుని బాల్కనీలోకి ఎక్కే ఎలుక ఉంది, చవగ్గా దొరికిందని కొన్న పాత సోఫా ఉంది, సంక్రాంతికి ఊరెళుతూ బుజ్జిని నాలుగు రోజులు వదిలిన బోర్డింగు ఉంది. పద్యంలో వీటి ప్రస్తావన లేదు. కవయిత్రి మరిచిందా, దాచిందా అన్నది పాఠకులే తేల్చుకోవాలి.

పద్యానికి ప్రాణం "ఇపుడు" అన్న మాట. పురుగు ఇంట్లోకి వచ్చింది ఎప్పుడో, కంట పడింది ఇపుడు. ఆడ ఫ్లీ రోజుకి నలభై యాభై గుడ్లు పెట్టగలదు. గుడ్లు నున్నగా ఉంటాయి, బొచ్చుకి అంటుకోవు, పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ జారిపోతాయి. వాటినుంచి వచ్చే పిల్లపురుగులు వెలుతురంటే గిట్టక తివాచీ అడుగుకీ, సోఫా సందుల్లోకీ దూరి, పెద్దల ఒంటినుంచి రాలే ఆ ఎండురక్తమే తిని పెరుగుతాయి. ఆ పైన పట్టుగూడు కట్టుకుంటాయి. గూడు జిగురుకి ఇంటి దుమ్మే అంటుకుని, చూసేవాళ్లకి దుమ్ముగానే కనిపిస్తుంది. లోపలిది తొందరపడదు. వారాలు, ఒక్కోసారి నెలలు కూర్చుంటుంది. పైన అడుగుల చప్పుడు, ఒంటి వెచ్చదనం, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు తగిలాయా, క్షణాల్లో బయటికి వస్తుంది. పాత అద్దెవాళ్లు పిల్లితో సహా ఖాళీ చేసిన ఫ్లాటులో కొత్తవాళ్లు దిగగానే కాళ్లు కుట్టించుకోవడం అందుకే. పైగా విశాఖ గాలిలోని తేమ ఈ పురుగులకి పథ్యం. పొడిగాలిలో పిల్లపురుగులు ఎండి చస్తాయి. మొత్తం పురుగు సంతానంలో పిల్లి ఒంటి మీద కనిపించేది నూటికి అయిదు వంతులని పశువైద్యులు చెప్పే లెక్క. మిగతా తొంభై అయిదూ గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా ఇంట్లోనే కాపురం. కనుక "బుజ్జికి పట్టె" అన్నది లక్షణార్థం. పట్టింది ఇంటికి.

శంక: పిల్లి పొద్దస్తమానం నాక్కుంటూనే ఉంటుంది కదా, పురుగుంటే ఇన్నాళ్లూ మా కంట పడదా?

సమాధానం: నాక్కోవడం వల్లే పడలేదు. దొరికిన పురుగును దొరికినట్టే మింగేసి, సాక్ష్యాన్ని పిల్లే మాయం చేస్తుంది. కొన్ని ఫ్లీల కడుపులో బద్దెపురుగు పిల్లలుంటాయి. మింగిన ఫ్లీతోపాటు బద్దెపురుగూ లోపలికి పోయి, కొన్నాళ్లకి తోక కింద బియ్యపు గింజల్లాంటి ముక్కలై బయటపడుతుంది. అందుకే డాక్టర్లు రెంటికీ కలిపి మందు రాస్తారు.

శంక: ఎదుటి యింటి వాళ్లు కుక్కకి వేసే చుక్కల మందు కాస్త మిగిలిందట. తగ్గించి వేస్తే?

సమాధానం: ససేమిరా వద్దు. కుక్కలకి వాడే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు. ఒళ్లు వణుకు, మూర్ఛ, ప్రాణాపాయం కూడా. పిల్లికి బరువు తూచి, పిల్లి కోసమే చేసిన మందు వేయాలి; ఇంట్లో ఉన్న మిగతా పెంపుడు జంతువులకీ వాటి వాటి మందు వేయాలి. ఒక్క నెలతో ఆపకూడదు. గూట్లో ఉన్నదానికి మందు అంతగా అంటదు, అది బయటికి వచ్చి పిల్లి మీదికి దూకేదాకా కాచుకోవాల్సిందే. ఈలోపు బుజ్జి దుప్పట్లు సలసల కాగే నీళ్లలో ఉతకడం, వ్యాక్యూమ్ క్లీనరుతో సోఫా సందులు పీల్చి ఆ సంచిని వెంటనే బయట పారేయడం మనుషుల వంతు. వ్యాక్యూమ్ అదురుకి గూళ్లలోవి లేచి వస్తాయి. అదీ మంచిదే.

ఛందస్సు: ఆటవెలది. యతులు నాలుగు పాదాల్లోనూ కుదిరాయి. మూడుసార్లు వచ్చిన "అండి" గణాలు నింపడానికేనని విమర్శకులు ఆక్షేపించవచ్చు. చేతిలో బుట్ట, బుట్టలో గోక్కుంటున్న పిల్లి, ఎదురుగా బిల్లు రాస్తున్న డాక్టరు. అక్కడ నిలబడి ఆ మూడింటిలో ఒక్క "అండి" తగ్గించగల మహాకవి ఎవరో వారే చూపించాలి.