టైరు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఈ పద్యం రాసినవాడెవరో తెలియదు. కారు, టైరు అన్న మాటలున్నాయి కాబట్టి నన్నయ కాలం నాటిది కాదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. సందర్భం ఇది. జూన్ నెల. నైరుతి దిగింది. ఒక గృహస్థు టైర్ల షాపు ముందు కారు ఆపి, మెట్టెక్కకముందే "ఎన్ని కిలోమీటర్లు వస్తాయండీ?" అని అడిగాడు. మెట్టెక్కాక "చివరికి ఎంతకిస్తారు?" అన్నాడు. మూడో ప్రశ్న అడగలేదు. ఆ అడగని ప్రశ్నను కవి తన నెత్తినేసుకుని ఇలా అంటున్నాడు.

తే. గాడి లోతును జూడక గాలి నింప
నేమి ఫలమయ్య వానలో నీటి మీద
తేలు కారుకు చుక్కాని దిక్కు లేదు
టైరు కొనువేళ తడిపట్టు డాసి చూడు

ప్రతిపదార్థం: గాడి లోతును = టైరు ఒంటి మీది చాళ్ల లోతును; చూడక = కనీసం తొంగి చూడక; గాలి నింపన్ = "ముప్ఫై రెండు పెట్టు బాబూ" అని కిటికీలోంచి చెప్పి ఊరుకున్నంత మాత్రాన; ఏమి ఫలము అయ్య = ఏం లాభమయ్యా; వానలో = వర్షాకాలమందు, విశేషించి ఆఫీసులు వదిలే సాయంత్రం పూట; నీటి మీద తేలు = రోడ్డును వదిలి నీటి పొర మీదికెక్కిన (తేలు అంటే వృశ్చికమని ఒకరు రాశారు; ఫలితం దగ్గరదే గాని అన్వయం కుదరదు); కారుకు = నీ కారుకు; చుక్కాని = స్టీరింగు; దిక్కు = వెళ్లే వైపు, ఆదుకునే నాథుడు అని రెండు విధాలా; లేదు = ఉండదు; టైరు కొనువేళన్ = బేరమాడే సమయాన; తడిపట్టు = తడి రోడ్డును పట్టి నిలిచే గుణం; డాసి = దగ్గరకు పోయి, అనగా వంగి, ప్యాంటు మాసినా సరే మోకాలి మీద కూర్చుని; చూడు = పరీక్షించు.

తాత్పర్యం: గాలి ఒక్కటీ చూసుకుంటే చాలదు. గాడి లేని టైరు వాన నీటి మీద తేలుతుంది, తేలిన కారు నీ మాట వినదు. కాబట్టి కొనేటప్పుడే తడి రోడ్డు సంగతి చూసుకో నాయనా అని భావం.

విశేషాలు: గాడితోనే ఎందుకు మొదలెట్టాడు? పొడి రోడ్డుకు గాడి అక్కర్లేదు కాబట్టి. వాన లేని రోజున రేసు కార్లకు నున్నటి టైర్లే వేస్తారు, రోడ్డును తాకే రబ్బరు ఎంత ఎక్కువుంటే అంత పట్టు. గాడి పుట్టిందే నీటి కోసం. లెక్క కట్టి చూడండి. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచింది, టైరు రోడ్డును తాకే వెడల్పు 150 మిల్లీమీటర్లు, వేగం గంటకు 80 కిలోమీటర్లు అనుకుందాం. ఒక్కో ముందు టైరు సెకనుకు 10 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను రెండు సెకన్లలో ఖాళీ చేయడమన్నమాట, అదీ ఆగకుండా. ఆ నీరు పోవడానికి ఉన్న కాలువలు ఈ గాళ్లే. కొత్త కారు టైరుకు వీటి లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు. కాలువ పూడిన కొద్దీ నీరు టైరు కిందే మిగిలిపోతుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరుకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ హద్దు కనిపెట్టడానికి కొలబద్ద కూడా అవసరం లేదు. టైరు అంచున ఒక చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో ఉంటాయి. ఆ గుర్తుకు ఎదురుగా గాడిలోకి చూస్తే అడుగున అడ్డంగా ఒక రబ్బరు మెట్టు కనిపిస్తుంది. పైరబ్బరు అరిగి అరిగి ఆ మెట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయింది. అప్పుడు కూడా "ఇంకా బటన్ ఉంది సార్, ఆర్నెల్లు నడుస్తుంది" అనేవాడొకడు పక్కనే ఉంటాడు. అతడితో వాదించకండి. అయితే 1.6 అనేది చట్టం ఊరుకునే హద్దు, వాన ఊరుకునే హద్దు కాదు. గాడి 3 మిల్లీమీటర్లకు దిగితే జూన్ రాకముందే మార్చెయ్యాలని ఈ వ్యాఖ్యాత మతం.

శంక: "గాలి నింప నేమి ఫలము" అన్నాడే, గాలికి విలువ లేదా?

సమాధానం: ఉంది, చాలా ఉంది. ఇక్కడ శాస్త్ర ప్రమాణం చెప్పాలి. 1963లో నాసాకు చెందిన వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ విమానం టైర్ల మీద పరిశోధించి ఒక సూత్రం ప్రకటించారు. తగినంత నీరు నిలిచిన చోట టైరు ఏ వేగానికి తేలుతుందన్నది లోపలి గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 32 పాయింట్ల గాలికి గంటకు సుమారు 94 కిలోమీటర్లు. గాలి 25కు దిగిందా, 83కే తేలుతుంది. ఇది విమానాల వల్ల తేలిన లెక్క. అరిగిన కారు టైరు ఇంతకన్నా ముందే తేలినా ఆశ్చర్యపడనక్కర్లేదు. ఇప్పుడు హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డును తలచుకోండి. 158 కిలోమీటర్ల ఆ దారిలో వేగవంతమైన వరసల్లో అనుమతించిన పరిమితి 120. బోర్డు 120 అంటుంది, నీరు 94 అంటుంది. వానలో ఎవరి మాట వినాలో పాఠకులు విజ్ఞులు.

ఇంకొక అపసిద్ధాంతాన్ని ఇక్కడే ఖండించాలి. వానాకాలంలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు పెద్దమనుషులు ఉపదేశిస్తుంటారు. నిలిచిన నీటి దగ్గర అది ఎంత తలకిందుల మాటో పై సూత్రమే చెబుతోంది. డ్రైవరు వైపు తలుపు తీస్తే ద్వారబంధం మీద కంపెనీవారు అంటించిన కాగితం ఉంటుంది. అందులో ఉన్నంత గాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. అంతే. నైట్రోజన్ కోసం విడిగా డబ్బులివ్వాలా అంటే, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉందని చెప్పి ముందుకు పోతున్నాను.

"చుక్కాని" అన్న చోట ఆగాలి. కారును పడవ చేశాడు కాబట్టి రూపకమని ఆలంకారికులంటారు. కానీ నీటి మీద తేలిన కారు ఆ క్షణాన నిజంగానే పడవ, అదీ చుక్కాని లేని పడవ, కాబట్టి ఇది స్వభావోక్తి అని నా వాదం. స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోవడం, ఇంజను మోత ఉన్నట్టుండి పెరగడం దీని లక్షణాలు. అప్పుడు బ్రేకు మీద నిలబడితే ప్రయోజనం లేదు. ఏబీఎస్ కూడా టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టునే వాడుకోగలదు, లేని పట్టును సృష్టించలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, టైరు మళ్లీ రోడ్డును అందుకునేదాకా ఓర్చుకోవాలి.

"తడిపట్టు" పద్యానికి ప్రాణం. టైరు రబ్బరును మూడు కోరికలు మూడు వైపులా లాగుతాయి: ఎక్కువ కాలం మన్నాలి, పెట్రోలు తక్కువ తాగాలి, తడిలో పట్టాలి. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గేది. 1992లో మిషెలిన్ కంపెనీ రబ్బరులో కార్బన్ నలుపుకు బదులు చాలావరకు సిలికా కలిపిన టైరును మార్కెట్టుకు తెచ్చాక, పెట్రోలు పొదుపూ తడిపట్టూ ఒకే టైరులో కొంత కుదిరాయి. అయినా లాగులాట పూర్తిగా తీరలేదు. లక్ష కిలోమీటర్లు తిరగాలని గట్టి రబ్బరు కొంటే తడిలో దాని బుద్ధి గట్టిగానే ఉంటుంది.

మరి డాసి చూస్తే ఏం కనబడుతుంది? చాలా టైర్ల పక్కగోడ మీద అమెరికా పద్ధతి గుర్తులుంటాయి. ట్రెడ్‌వేర్ అని ఒక అంకె, ట్రాక్షన్ అని ఒక అక్షరం. మన గృహస్థు 300, 400 అన్న అంకె చూసి మురిసిపోతాడు, అది అరుగుదల లెక్క. పక్కనున్న అక్షరం తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసి చూసిన పరీక్ష ఫలితం. డబుల్ ఏ అన్నిటికన్నా మేలు, తర్వాత ఏ, బీ, సీ. మలుపులో పట్టు సంగతి, నీటి మీద తేలే సంగతి ఆ అక్షరం చెప్పదు, అయినా అంకెకన్నా అదే ముఖ్యం. ఐరోపా చీటీ ఉన్న టైరైతే వాన మబ్బు బొమ్మ పక్కన ఏ నుంచి ఈ దాకా తడిపట్టు తరగతి ఉంటుంది. మన దేశంలో ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఇచ్చే నక్షత్రాలు ఇంధనం పొదుపుకు గుర్తు. నక్షత్రాలు లెక్కపెట్టి తడిపట్టు ఉందనుకుంటే కుదరదు. ఇక పట్టు కోసమని కంపెనీ చెప్పినదానికన్నా వెడల్పు టైర్లు వేయించుకునేవారికి ఒక మాట: వెడల్పు పెరిగితే తోయవలసిన నీరూ పెరుగుతుంది.

ఇక రెండు టైర్ల అధికరణం. మీమాంసకుల పద్ధతిలో విచారిస్తాను, ఎందుకంటే షాపుల్లో దీనిమీద జరిగినంత తర్కం కాశీలో కూడా జరిగి ఉండదు. విషయం: డబ్బు రెండు టైర్లకే ఉంది. సంశయం: కొత్తవి ముందు వేయాలా, వెనక వేయాలా? పూర్వపక్షం: ముందే. ఇంజను లాగేది ముందు చక్రాల్ని, స్టీరింగు తిప్పేది వాటినే, బ్రేకు భారం పడేదీ వాటిమీదే. ఎవరికైనా నచ్చే వాదం, షాపుల్లో చాలామంది చేసే పని. సిద్ధాంతం: వెనకే. ముందు టైర్లు జారితే కారు మలుపు తిరగకుండా తిన్నగా పోబోతుంది. అది స్టీరింగులో చేతికి తెలుస్తుంది, కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక టైర్లు జారితే కారు తోక ముందుకొచ్చి గిర్రున తిరుగుతుంది, సరిదిద్దుకునే వేళ దొరకదు. టైరు కంపెనీలే కొత్త జత వెనక్కి వేయమని చెబుతున్నాయి. షాపు కుర్రాడు అలవాటుగా ముందు చక్రాల నట్లు విప్పుతుంటాడు. "తమ్ముడూ, ఇవి వెనక్కి, వెనకవి ముందుకి" అనండి. వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

ఛందస్సు గురించి ఒక్క మాట. ఇది తేటగీతి. టై అన్న అక్షరానికి యతి వెతకడంలో కవి పడ్డ పాట్లు నాలుగో పాదంలో కనబడుతూనే ఉన్నాయి. డాసి అన్న పాత మాట అందుకే వచ్చిందని నా అనుమానం, అయినా అర్థం చెడలేదు కాబట్టి క్షమించాలి.

కవి చెప్పక విడిచినది ఒకటుంది. టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే ఆ టైరు 2024లో 23వ వారం తయారైందని అర్థం. గోడౌనులో ఏళ్లు గడిపిన టైరుకు గాడి నిండుగానే ఉంటుంది గాని రబ్బరు గట్టిపడి తడిపట్టు తగ్గి ఉంటుంది. బిల్లు కట్టకముందే నాలుగు టైర్ల మీదా ఆ అంకెలు చదవండి. స్టెప్నీకీ అవి ఉంటాయి, డిక్కీలో చాప ఎత్తి చూడండి.