గోడ దూకితే కిరాణా కొట్టు!

1591లో కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించి, నాలుగు కమాన్లూ నాలుగు దారులకు తెరిచాడు. పాతబస్తీలో ఇప్పటికీ ఓ గల్లీ జామైతే పక్క సందులోంచి దూరి బయటపడొచ్చు. మరి మన పడమటి హైదరాబాద్? నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, లోపల ఎవరి లేఅవుటుకు వారి ప్రహరీ. పొలం గట్టు ఎక్కడుంటే వెంచరు అక్కడికి సరి, రోడ్డూ అక్కడికే సరి. బాల్కనీలో నిలబడితే పక్క కాలనీ కిరాణా కొట్టు బోర్డు చక్కగా కనిపిస్తుంది. కొత్తిమీర కట్ట తేవాలంటే మాత్రం గేటు దాటి, మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ కొట్టి, ఇంకో గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్లో సంతకం పెట్టాలి. (గోడ దూకొచ్చు కదా అంటారేమో, ఆ విద్య నాయకులకే చెల్లింది. మన మోకాళ్లు సహకరించవు.) బ్రోచర్లో మాత్రం ‘ఔటర్‌కు అయిదే నిమిషాలు’. కొట్టుకెంతసేపో వేయరు! చివరికి సర్కారు ‘లింకు రోడ్లు’ అంటూ కోట్లు పోసి గోడల మధ్య సందు వెతుకుతుంది. అసలా గోడల లేఅవుట్లకు అనుమతిచ్చిందెవరంటారా? ఫైలు తిరగేయండి, అదే సర్కారు ముద్ర!