పెన్షన్ అక్కడే, ప్రీమియం పైపైకి

మా రోజుల్లో ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషిని ఊళ్ళోవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: గ్రాట్యుటీ ఎంతొచ్చింది? ఇప్పుడు పెద్ద అంబర్‌పేట్‌లో పొద్దున్నే పార్కులో నడిచే పెద్దవాళ్ళు ఒకరినొకరు అడుగుతున్నది వేరు. ఈ ఏడు ప్రీమియం ఎంతైంది? టాప్-అప్పా, సూపర్ టాప్-అప్పా? రూం రెంట్ లిమిట్ ఎంత? బ్యాంకులో లెడ్జర్లు టాలీ చేసి, పైసా తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని పట్టుకున్న మాలాంటి వాళ్ళే ఈ పాలసీ కాగితాలు ముందేసుకుని దిక్కులు చూస్తున్నాం. ఇక బడి పంతుళ్ళు, ఫ్యాక్టరీ కార్మికుల సంగతి చెప్పేదేముంది? డెబ్బై ఏళ్ళ మనిషి చేత ఏటా ఈ పరీక్ష రాయించడం అన్యాయం.

నేనిక్కడ స్థలం కొన్ననాడు హయత్‌నగర్ దాటితే విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్ష తోటలు, జొన్న చేలు. ఔటర్ రింగ్ రోడ్డు ఊహలో కూడా లేదు. సుస్తీ చేస్తే హయత్‌నగర్‌లో ఒక డాక్టరు గారుండేవారు, ఉత్త ఎం.బి.బి.ఎస్. నాలుక చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి, పొట్ట నొక్కి, ఇంట్లో ఎవరెలా ఉన్నారో అడిగి మరీ మందు రాసేవారు. చీటీలు అయిపోతే నా జేబులోని బ్యాంకు పే-ఇన్-స్లిప్పు అడిగి తీసుకుని దాని వెనకాల రాసేవారు. డబ్బుల్లేవంటే వచ్చే నెల ఇవ్వమనేవారు, ఇచ్చామో లేదో ఎప్పుడూ గుర్తు చేసేవారు కారు. మా నాన్నకు హెర్నియా ఆపరేషన్ ఉస్మానియాలో అయింది. ఇనుప మంచం, ఎర్ర కంబళి, ఇంటి నుంచి తెచ్చిన పాలు, బ్రెడ్డు. సంతకం పెట్టిన కాగితం ఒక్కటే, ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నామని. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు పొలం పని చేశాడు.

ఆ రోజుల్లో గుండెపోటొస్తే మనిషి పోయేవాడు, కిడ్నీ చెడితే దేవుడికి మొక్కుకునేవాళ్ళం. ఆ మాట నేను కాదనను. ఇవాళ స్టెంటు వేసుకుని నా పక్కన హాయిగా నడుస్తున్న వాళ్ళున్నారు. నా కోపం వైద్యం మీద కాదు. ఆ వైద్యం ముసలివాళ్ళకు చేరే దారిలో ఇన్ని గేట్లు పెట్టి, ప్రతి గేటు దగ్గరా వయసు చూసి వసూలు చేస్తున్నారే, దాని మీద.

మెడిక్లెయిం అనేది 1986లో వచ్చింది. ప్రభుత్వ రంగంలోని నాలుగు సాధారణ బీమా కంపెనీలు తెచ్చాయి. మా బ్రాంచిలో దాన్ని తీసుకున్నవాళ్ళు అరుదు, అవసరం పడలేదు. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఆసుపత్రి ఖర్చు నిబంధనల మేరకు బ్యాంకే ఇచ్చేది. రిటైరయ్యాక అందరికీ కలిపి ఒక పథకమంటూ ఉండేది కాదు. 2015 మే నెలలో బ్యాంకు యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు మధ్య జరిగిన పదో ద్వైపాక్షిక ఒప్పందంతో ఆ లోటు తీరిందనుకున్నాం. ఉద్యోగులకు గ్రూపు పాలసీ, దాని పక్కనే రిటైరైన వాళ్ళకూ ఒకటి. అధికారులకు 4 లక్షలు, క్లర్కులకు 3 లక్షలు. పాత జబ్బులున్నా ఫరవాలేదు, వైద్య పరీక్షలు అక్కర్లేదు. బయట అరవై అయిదు దాటినవాళ్ళను సులువుగా దగ్గరికి రానివ్వని కాలంలో అది నిజంగా పెద్ద మేలు. సంతోషంగా చేరాం.

తర్వాత మొదలైంది అసలు కథ. ఉద్యోగుల ప్రీమియం బ్యాంకు కడుతుంది, మాది మేమే కట్టుకోవాలి. ఉద్యోగుల లెక్క వేరు, మా లెక్క వేరు. క్లెయింలు ఎక్కువైతే మా ప్రీమియమే పెరుగుతుంది. మా గుంపులో ముప్పై ఏళ్ళ కుర్రాడు ఒక్కడూ లేడు, అందరం షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల వాళ్ళమే. క్లెయింలు ఎక్కువ కాక ఏమవుతాయి? పెరిగిన ప్రీమియం కట్టలేక చిన్న పెన్షన్ల వాళ్ళు, వాళ్ళు పోయాక మిగిలిన భార్యలు తప్పుకుంటారు. ఒంట్లో బాగున్నవాళ్ళు మనకెందుకులే అని తప్పుకుంటారు. మిగిలేది జబ్బుపడ్డవాళ్ళే. మరుసటి ఏడు మళ్ళీ పెరుగుతుంది. ఒకసారి బయటికొస్తే మళ్ళీ రానిస్తారన్న భరోసా లేదు కాబట్టి భయపడి కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు. మందుల ఖర్చులిచ్చే డొమిసిలరీ ఉన్నది, లేనిది అని రెండు రకాలు చేశారు. ఉన్నదాని ధర చూసి చాలామంది లేనిదానికే టిక్కు పెట్టారు. రోజూ మందులు మింగాల్సినవాళ్ళే మందుల సాయం వదులుకున్నారు!

ఇది ఉమ్మడి కుటుంబంలో సంపాదించే కొడుకులంతా ఒక వంట పెట్టుకుని, ముసలి తల్లిదండ్రులకు వేరే పొయ్యి పెట్టినట్టుంది. ఉద్యోగులను, రిటైరైన వాళ్ళను ఒకే లెక్కలో ఉంచితే కుర్రవాళ్ళ ఆరోగ్యం పెద్దవాళ్ళ భారాన్ని మోస్తుంది, ఆ కుర్రవాళ్ళు పెద్దవాళ్ళయిన రోజున వాళ్ళ భారాన్ని తర్వాతివాళ్ళు మోస్తారు. బీమా అంటే అసలు అదే కదా. ఈమధ్య కొన్ని బ్యాంకులు రిటైరైన వాళ్ళ ప్రీమియంలో కొంత భరిస్తున్నాయి. ఆ మేలు నేను మరిచిపోను. కానీ అది ఏటా ఎదురుచూసే దయ, హక్కు కాదు.

ఇంకోపక్క పెన్షన్. 1993 ఒప్పందంతో, 1995 నిబంధనలతో వచ్చిన బ్యాంకు పెన్షన్‌లో బేసిక్ అనేది రిటైరైన నాడు ఎంతో ఇవాళా అంతే. డి.ఏ. కాస్త కదులుతుంది. ప్రభుత్వ పెన్షనర్లకు పే కమిషన్ వచ్చినప్పుడల్లా బేసిక్ సవరిస్తారు, రిజర్వు బ్యాంకు వాళ్ళకు 2019లో సవరించారు. మాకు లేదు. కుటుంబ పెన్షన్‌ను 30 శాతానికి పెంచడానికే 2021 దాకా ఎదురుచూడాల్సొచ్చింది. ప్రీమియానికి మాత్రం ఈ ఓపిక లేదు.

పన్ను సంగతి మరీ అన్యాయం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జి.ఎస్.టి. తీసేశారు. పేపర్లో చదివి మా కాలనీలో ఒకాయన మిఠాయి కూడా పంచాడు. తర్వాత తెలిసింది, గ్రూపు పాలసీలకు అది వర్తించదని. మాది గ్రూపు పాలసీ! యజమాని కట్టే ప్రీమియం కాదిది, జేబులోంచి మేమే కడుతున్నది. నలభై వేల ప్రీమియం మీద పన్నే 7,200. చిన్న పెన్షన్ మనిషికి అది ఎన్ని నెలల షుగరు మందులో లెక్కేసుకోండి.

సరే, మూల పాలసీ సరిపోవడం లేదని పైన ఇంకొకటి కావాలంటారు. అక్కడ ఇంకో చిక్కు. టాప్-అప్, సూపర్ టాప్-అప్ పేర్లు రెండూ ఒకేలా వినిపిస్తాయి గాని చేతికొచ్చే డబ్బులో నేల, ఆకాశం తేడా. 5 లక్షల డిడక్టబుల్‌తో తీసుకున్నారనుకోండి, అంటే 5 లక్షల దాకా అది ఏమీ ఇవ్వదు. ఏడాదిలో ఒకసారి 4 లక్షల బిల్లు, ఇంకోసారి 3 లక్షల బిల్లు వచ్చింది. మామూలు టాప్-అప్ ప్రతి బిల్లునూ విడిగా చూస్తుంది, రెండూ 5 లక్షల లోపే కాబట్టి పైసా ఇవ్వదు. సూపర్ టాప్-అప్ రెండూ కలిపి 7 లక్షలని చూసి 2 లక్షలిస్తుంది. ముసలితనంలో ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రికి పోవడం వింతేమీ కాదు. అందుకే నన్నడిగిన ప్రతి ఒక్కరికీ సూపర్ అన్న మాట పత్రం మీద ఉందో లేదో చూడమంటాను. మూల పాలసీ ఎంతో డిడక్టబుల్ అంత పెట్టుకుంటే మధ్యలో కందకం ఉండదు, ప్రీమియం కూడా పెద్ద పాలసీ కంటే చాలా తక్కువ. మా బ్యాంకువాళ్ళకైతే గ్రూపులోనే అధికారులకు 5 లక్షలు, క్లర్కులకు 4 లక్షల సూపర్ టాప్-అప్ ఇచ్చారు. బయట కొనే ముందు అది చూసుకోవాలి.

రూం రెంట్ దగ్గర మాత్రం ఎంత చదువుకున్నవాడైనా బోల్తా పడుతున్నాడు. మా పాత హెడ్ క్యాషియర్ గారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. ఆయన సొంతంగా తీసుకున్న 3 లక్షల పాలసీ, గదికి రోజుకు ఒక శాతం, అంటే 3,000. ఆసుపత్రి వాళ్ళు షేరింగ్ గది ఖాళీ లేదన్నారు, 6,000 గదిలో పెట్టారు. పోనీలే, రోజుకు మూడు వేలు మనమే పెట్టుకుందామనుకున్నారు ఇంట్లోవాళ్ళు. డిశ్చార్జి రోజున బిల్లింగ్ కౌంటరు దగ్గర నేనూ ఉన్నాను. గది అర్హత సగమే కాబట్టి సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు అద్దె కూడా సగమే ఇస్తామన్నారు. వాటి కింద 80,000 ఉంటే ఇచ్చింది 40,000. మందులు, పరీక్షల దాకా ఆ కోత పోకూడదన్న నిబంధన ఉంది గనక అవి బతికాయి. ఆయన భార్య చేతిలో ఫైలు, కొంగులో ఏ.టి.ఎం. కార్డు. పొద్దున డిశ్చార్జి రాస్తే క్లెయింలు చూసే టి.పి.ఏ. నుంచి ఆఖరి ఆమోదం రాత్రికి గాని రాలేదు. కట్టు విప్పిన మనిషి చక్రాల కుర్చీలో అంతసేపు కూర్చున్నాడు. గంటలో క్యాష్‌లెస్ అనుమతి, మూడు గంటల్లో డిశ్చార్జి ఆమోదం ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలోనే చెప్పింది. ఆ కాగితం ముద్రించి గోడకు అంటించమని నేను కౌంటరులో గట్టిగానే అడిగాను.

ఆ నియంత్రణ సంస్థ ఎక్కడో ఢిల్లీలో లేదు, మన నానక్‌రాంగూడలోనే ఉంది. ఔటర్ మీద ఇటు మేము, అటు వాళ్ళు. మంచి నియమాలు రాయలేదని నేననను. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వనక్కర్లేదన్న పాత పద్ధతి 2024 ఏప్రిల్‌తో పోయింది. పాత జబ్బులకు నాలుగేళ్ళు ఆగమనేది మూడేళ్ళకు దిగింది. అయిదేళ్ళు కట్టాక, మోసమని రుజువైతే తప్ప, అప్పుడు జబ్బు చెప్పలేదు, ఇప్పుడు డబ్బు ఇవ్వం అని కంపెనీ అనడానికి వీల్లేదు. 2025 జనవరిలో పెద్దవాళ్ళ ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలన్నారు. కానీ 10 శాతమంటే తక్కువా? ఏడేళ్ళు వరుసగా అంతంత పెంచితే ఇరవై వేల ప్రీమియం దాదాపు ముప్పై తొమ్మిది వేలవుతుంది. ఏ పెన్షన్ అలా పెరుగుతుంది?

పాలసీ అమ్మేటప్పుడు ఇంటికొచ్చే కుర్రవాళ్ళు మర్యాదస్తులే. అంకుల్, షుగరున్నట్టు రాయకండి, ప్రీమియం పెరుగుతుంది అని చెవిలో చెబుతారు. వాళ్ళ మాట వినొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఉన్న జబ్బంతా ప్రపోజల్ ఫారంలో మీ చేత్తో రాయండి, కాపీ దాచుకోండి. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే ఫ్లోటరు పాలసీ తీసుకుంటే సాధారణంగా పెద్ద వయసు వాళ్ళను బట్టే ప్రీమియం వేస్తారు. ఇద్దరి మధ్య వయసు తేడా ఎక్కువుంటే విడివిడిగా ఎంతవుతుందో అడగండి. కో-పే ఒప్పుకుంటే ప్రీమియం తగ్గుతుంది, నిజమే. ఇరవై శాతం కో-పే అంటే 5 లక్షల బిల్లులో లక్ష మీది. ఆ లక్ష బ్యాంకులో విడిగా ఉంటేనే దానికి ఒప్పుకోండి. పాలసీ పత్రం చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే తిప్పి పంపొచ్చు. ఆ నెలలో ఒక్క ఆదివారం కూర్చుని మినహాయింపుల పేజీ చదవండి.

డెబ్బై నిండినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. కార్డు తీసుకోండి, కానీ మీరు వెళ్ళే ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆరోగ్యశ్రీని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, కూలిపని చేసుకునే మా వీధివాళ్ళకు అది ప్రాణం. ఈ.ఎస్.ఐ. కింద కనీసం అయిదేళ్ళు పనిచేసి వయసు రీత్యా రిటైరైన కార్మికులు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యతో సహా వైద్యం పొందొచ్చు. ఇటు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు. వాళ్ళకెవరూ చెప్పలేదు మరి.

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021లో మూసేసి మా పక్కనున్న బాటసింగారానికి పంపారు. ఎండాకాలమంతా మామిడి లారీల మధ్యే మేము రోడ్డు దాటుతున్నాం. ఆ ఖాళీ చేసిన జాగాలో పెద్ద సర్కారు దవాఖాన, టిమ్స్, కడతామని 2022లో శంకుస్థాపన చేశారు. నాకు అసలు ఆశ దాని మీదే. మా నాన్నకు ఉస్మానియా ఉన్నట్టు మా తూర్పు వైపు వాళ్ళకు అది పూర్తిగా అక్కరకొస్తే, ఏ పాలసీ కొనాలా అన్న ప్రశ్నకు ఇంత బరువు ఉండదు. చికిత్స దొరికే చోటు ఉన్నప్పుడు బీమా తోడుగా ఉంటుంది. లేనప్పుడే అది మెడకు గుదిబండ అవుతుంది.

మా రిటైరైన బ్యాంకువాళ్ళ పాలసీ నవంబరు 1న మొదలవుతుంది. ఆ నెలలోనే లైఫ్ సర్టిఫికెట్టూ ఇవ్వాలి. అందుకే సర్క్యులర్ రాగానే, అక్టోబరులో మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారం పూట కూర్చుంటున్నాం. ఏ బ్యాంకువాళ్ళయినా, ఏ ఉద్యోగం చేసినవాళ్ళయినా పాలసీ పత్రం, కిందటేటి ప్రీమియం రసీదు, క్లెయిం తిరస్కరించి ఉంటే ఆ ఉత్తరం తీసుకుని రండి. తిరస్కరించినవాటిని ముందు కంపెనీకి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా లక్డీకాపూల్ దగ్గరి బీమా లోక్‌పాల్ కార్యాలయానికి రాసి పెడతాం. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. గ్రూపు పాలసీ మీద జి.ఎస్.టి. తీసేయాలని, ఉద్యోగుల లెక్కలోనే మమ్మల్నీ కలపాలని ఆర్థిక శాఖకు రాసిన ఉత్తరం కూడా అక్కడే ఉంటుంది, చదివి సంతకం పెట్టండి.